ఇత్తడి గుండ్ల మధ్య సందు

చెల్లెలు మూడు రోజులుగా తన లెక్కల్లో తప్పు వెతుక్కుంటోంది. ఆ తప్పు ఎక్కడుందో అన్నయ్యకు తెలుసు. అది ఆమెకు ఎదురుగానే కూర్చుని చల్లారిన టీ తాగుతోంది.

అతను బోర్డులు రాసే పెయింటరు. ఆమెది కాలేజీ ల్యాబులో ఉద్యోగం. తీరిక దొరికితే చాలు, గదిలోనే చిన్న చిన్న మెరుపులు పుట్టించే టెస్లా కాయిల్‌తో కుస్తీ పట్టేది. దానికి వోల్టేజీ పెంచి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నాన్నది. ఆయన నియాన్ బోర్డులు చేసేవాడు. ఆయన పోయాక మిగిలిన సామానులో పనిచేసేది అదొక్కటే. అందుకే చెల్లెలు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. వోల్టేజీ హద్దు మీరితే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్‌కు తగలకుండా, పక్కనున్న రెండు ఇత్తడి గుండ్ల మధ్య నిప్పురవ్వై దూకిపోయేలా ఏర్పాటు చేసింది.

ఆదివారం పిన్ని చూడటానికి వచ్చింది. గుండ్లు చిటుక్కుమన్నప్పుడల్లా మెరుపు కుంగిపోతోంది. చెల్లెలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే అన్నగారికి గొప్పలకు పోవాలనిపించింది. స్విచ్ ఆపి, గుండ్ల మధ్య సందు పెరిగేలా వాటి స్క్రూ రెండు చుట్లు వదులు చేశాడు. మళ్ళీ వేస్తే మెరుపు మూరెడు లేచింది. పిన్ని చప్పట్లు కొట్టింది. కాసేపటికే ట్రాన్స్‌ఫార్మర్‌లో నింపిన తారు కాలిన వాసన; అది ఇక పనిచేయలేదు. చెల్లెలు పరుగెత్తుకొచ్చేలోగా అతను స్విచ్ ఆపేసి, స్క్రూను ఎప్పటిలా బిగించేశాడు. పిన్నికేం తెలుసు, ఏదో సర్దుతున్నాడనుకుంది.

ఇప్పుడు చెల్లెలు పెన్ను పక్కన పడేసింది. మిగతా సామానంతా కాలేజీకి ఇచ్చేస్తానంది. నాన్న వస్తువు కాపాడలేనిదానికి ఈ సరదాలెందుకంది.

అన్నయ్య టీ కప్పు కింద పెట్టేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"స్క్రూ నేనే తిప్పాను. మెరుపు పెద్దగా రావాలని."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "సందు సరిగ్గానే ఉంది కదా. నేను కొలిచాను."

"వాసన రాగానే మళ్ళీ బిగించేశాను."

"ఎందుకు?"

"నువ్వు నన్నేమైనా అంటావేమోనని."

"నన్ను నేనే తిట్టుకుంటానని తోచలేదా?"

ఆమె లెక్కల పుస్తకం అతని ముందుకు తోసి లోపలికి వెళ్ళిపోయింది. మూడు రోజుల లెక్కలు. ప్రతి పేజీ అడుగునా ఒకటే రాసుంది: ఇక్కడ తప్పు లేదు.

అన్నయ్య ఒక్కో పేజీ తిప్పుతూ చివరిదాకా చదివాడు.