నంబరు లేని ముక్క

పొద్దున ఎనిమిదికి మునిలక్ష్మి వర్క్‌షాపు ఊడ్చి, అల్మరా తెరిచి, లోపలి ఇనుప ముక్కల్ని ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తుంది. అదే టయానికి అటెండర్ కుప్పయ్య కాఫీ గ్లాసు తెచ్చి నూటపన్నెండో నంబరు ముక్క మీద పెడతాడు. పేపరు చదవడం అయ్యేదాకా కాఫీ ఆరిపోదు.

నగరిలో ఈ టెక్నికల్ కాలేజీ సర్కారు పెట్టింది కాదు, నేతోళ్ళు పెట్టుకున్నది. నలభై ఏండ్ల కింద మరమగ్గం చెడితే తమిళనాడు నుంచి మెకానిక్ రావాల. ఆయప్ప కొత్తల్లుడి మాదిరి నాలుగు రోజులు బతిమాలించుకుని వచ్చేవాడు. అన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని కూర్చోవాల. మన బిడ్డలకు ఈమాత్రం చేతకాదా అని రోషమొచ్చి, నేత సంఘం వాళ్ళు పాత మగ్గాల షెడ్డులో ఇనుమును కదలకుండా పట్టే వైసులు నాలుగు బిగించి గురప్పను అయ్యోరుగా పెట్టినారు. ఒకరు తలుపిచ్చినారు, ఇంకొకరు పెంకులిచ్చినారు. ఇప్పుడు వచ్చి చూడండి, మూడు బిల్డింగులు!

ఈడ చేరినోళ్ళెవరైనా మొదట ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది నలుచదరం చెయ్యాల. గురప్ప దానికి మూలమట్టం ఆనించి కిటికీకేసి ఎత్తుతాడు. సందులో వెలుతురు కనపడకపోతే నంబరు కొట్టి అల్మరాలో పెడతాడు. సగంలో మానేసినోళ్ళ ముక్కలు షెడ్డు వెనక పీపాలోకి పోతాయి. అల్మరాలోని ముక్క, చేసినోళ్ళ చెయ్యి పనిలో ఉన్నన్నాళ్ళూ వెచ్చగా ఉంటుంది. శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీకి పోయిన కొడుకు ఫోను చెయ్యకుంటే తల్లి వచ్చి వాని ముక్కను తాకి చూసి, బాగుండాడులే అని ఇంటికి పోతుంది.

పై అరలో ఒక్కదానికే నంబరు లేదు. అన్నిట్లోకీ అదే కాలతా ఉంటుంది. అది ఢిల్లీబాబుదని గురప్ప నమ్మకం. ఇరవై ఆరేండ్ల కింద ఢిల్లీబాబు క్లాసులో మొనగాడు. ఉద్యోగమొచ్చిందని నంబరు కొట్టించుకోకుండానే బస్సెక్కినాడు. వాని వైసు పక్కన దొరికిన ముక్కను పీపాలో వెయ్యడానికి మనసొప్పక గురప్ప దాచినాడు.

ఈ ఏడు మరమగ్గాల సెక్షన్‌కు అయ్యోరు లేడు. నంబరు పడినోళ్ళే ఈడ పాఠం చెప్పాలని మొదటినాటి తీర్మానం. సోమవారానికి ఎవరూ దొరక్కపోతే సెక్షన్ మూసేసి, షెడ్డును మామిడికాయల గోడౌనుకు ఇచ్చేస్తామని సంఘం సెక్రెటరీ గోవిందయ్య చెప్పేసినాడు. మునిలక్ష్మి కూతురు లోహిత చదివేది ఆ సెక్షన్లోనే. రిటైరైనా రోజూ వచ్చే గురప్ప మాత్రం ధీమాగా ఉన్నాడు. ఆ ముక్క వేడి చూడండి, ఆ చెయ్యి ఒక్కనాడూ ఖాళీగా లేదు, వస్తానే నంబరు కొట్టేస్తా అని చెప్పి ఢిల్లీబాబుకు కబురు పెట్టినాడు.

శనివారం ఢిల్లీబాబు తిరుపతి నుంచి కారులో దిగినాడు. ఇప్పుడాయనది ప్లాట్ల వ్యాపారం. ముక్కను చేతిలోకి తీసుకుని, చురుక్కుమనేసరికి బల్ల మీద పెట్టేసినాడు.

"ఇది నాది కాదు సార్. నాది అప్పుడే ఇంటికి ఎత్తుకుపోయినా. ఆఫీసులో కాగితాలు ఎగరకుండా పెట్టుకోనుండా. ఎప్పుడో సల్లబడిపోయింది."

మరి ఇదెవరిదని గోవిందయ్య అందరి మొహాలూ చూసినాడు.

చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడిన మునిలక్ష్మి, "నాది" అనింది.

అప్పుడు గురప్పకు గుర్తొచ్చింది. ఢిల్లీబాబు పక్క వైసు ఆమెదే. ఆ బ్యాచిలో ఒకే ఒక్క ఆడపిల్ల. నాయన మంచాన పడితే ఇంటి మగ్గం చూసుకోవడానికి చదువు మానేసింది. ఆనాటి నుంచి వీధిలో ఏ మగ్గం ఆగినా, పోగు మోసే నాడె ఎగిరి కింద పడినా ఆమెనే పిలుస్తారు. దాన్ని మెకానిక్ పని అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

"రోజూ తుడుస్తావు గదమ్మా, ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు గురప్ప.

"ఒక పక్క రుద్దేది మిగిలిపోయింది అయ్యోరూ. నంబరు పడనిదాన్ని నాదని ఎట్లా చెప్పేది?"

గురప్పకు సిగ్గేసింది. ఆడపిల్ల పోతే పోనీలే అనుకుని, ఆనాడు ఆమె కోసం ఒక్కసారి కూడా వాకబు చెయ్యలేదు. పోయి ఆకురాయి తెచ్చి ఆమె చేతికిచ్చినాడు. ఆమె చీపురు గోడకానించి, కొంగుతో ముక్కను పట్టుకుని వైసులో బిగించింది. అరగంట రుద్దింది. గురప్ప మూలమట్టం ఆనించి కిటికీకేసి ఎత్తినాడు. ఎంతసేపు చూసినా వెలుతురు కనపడలేదు. పాత రిజిస్టర్లో చేరిననాడు ఆమెకిచ్చిన నలభై ఒకటో నంబరు ఖాళీగానే ఉండాది. అదే కొట్టినాడు. గోవిందయ్య అక్కడే నిలబడి, సెక్షన్‌కు ఆమెను పెడుతున్నట్టు ఉత్తర్వు రాసిచ్చినాడు.

సోమవారం మునిలక్ష్మి క్లాసులోకి వచ్చేసరికి పిల్లోళ్ళు లేచి నిలబడినారు. అందరికంటే ముందు లేచింది లోహిత. మునిలక్ష్మి పాఠం మొదలుపెట్టకుండా, షెడ్డు వెనక పీపాను లోపలికి తెమ్మని కుప్పయ్యను పిలిచింది. ఆయప్ప పోయినంత వేగంగా తిరిగొచ్చినాడు.

"తాకలేకుండా ఉండాను మేడం. పీపా కాలిపోతా ఉండాది."

మునిలక్ష్మి ఆయనకు మందపాటి గుడ్డ ఇచ్చింది. తర్వాత రిజిస్టరు లోహిత చేతిలో పెట్టి, సగంలో మానేసినోళ్ళ పేర్లు మొదటి నుంచి చదవమనింది.