పై వరసలో మెల్చోర్

ఉడుకునీళ్లలోంచి తీసిన చెట్టు టమాటాల తొక్క తర్హేలియా వేళ్లకు చుట్టుకుంటోంది. కోడిగుడ్డంతేసి పండ్లు. తొక్క చేదు, లోపల నారింజరంగు గుజ్జు, గింజల చుట్టూ నలుపు తిరిగిన ఎర్రటి రసం. ఆ రసం మరక ఆమె గోళ్ల కింద ఏళ్లుగా ఉంది, ఏ సబ్బుకూ పోదు. పండ్లనూ మిరపకాయలనూ రాతి మీద నూరి, పచ్చడి గిన్నెలోకి తోడి, ఉడికిన బంగాళాదుంపల పక్కన పెట్టింది.

మొగుడు మెల్చోర్ వచ్చి కూర్చున్నాడు. దుంప ముక్క పచ్చడిలో అద్దుకుని తిని, పొయ్యి వైపు తిరిగాడు. పొయ్యి పక్క గడ్డిలో కుయ్‌లు కిచకిచలాడుతున్నాయి. ఎలుకకంటే పెద్దవి, కుందేలుకంటే చిన్నవి, పండగకు కోసుకోవడానికి పెంచేవి.

"ఉప్పు తక్కువైందని ఆవిడకు చెప్పండర్రా," అన్నాడు వాటితో.

"ఉప్పు డబ్బా ఆయన మోచేతి దగ్గరే ఉంది. చూపు కూడా తక్కువైందేమో అడగండి," అంది తర్హేలియా, వాటితోనే.

బూడిద పడిన ఏటి నుంచీ ఇంతే. తుంగురావా కొండ బూడిద కక్కి పటాటె లోయలో పచ్చికంతా కప్పేసినప్పుడు, ఆమె దూడనాటి నుంచి సాకిన ఎర్రావును మెల్చోర్ ఆమెతో మాటమాత్రం చెప్పకుండా సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. ఆ నెలలోనే ఇరుగుపొరుగు ఆవులు బూడిద గడ్డి మేసి కూలిపోయాయి. అతను చేసింది సబబే. సబబు కాబట్టే ఆమెకు అనడానికి మాట దొరకలేదు. మన్నించమని అడగడం అతనికి చేతకాలేదు. మొదట్లో కూతురు ఇటు మాట అటు మోసేది. అది పెళ్లయి అంబాటో వెళ్లాక ఆ పని కుయ్‌ల మీద పడింది. కోపం ఎప్పుడో పోయింది. మాట మాత్రం తిరిగి రాలేదు.

మంచు విడవక ముందే ఇద్దరూ తోటలో ఉన్నారు. గొడుగుల్లాంటి ఆకుల కింద పండ్లు పొడుగు తొడిమలకు వేలాడుతున్నాయి. తొడిమతో సహా తెంపాలి, కొమ్మను లాగకూడదు, పెళుసు కొమ్మ. తర్హేలియా చెయ్యి తనంతట తానే తెంపుతోంది. నల్లమచ్చ కనిపించిన పండును గోతిలోకి విసురుతోంది. ఆ తెగులుకు కోడికన్ను అని పేరు. ఈ ఏడు కోడికన్నే ఎక్కువ. వచ్చే ఏటికి చెట్లు కొట్టేసి కొత్తవి పెట్టాలి.

పక్క వరసలో మెల్చోర్ ఆగాడు. కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. టోపీ కింద మొహం బూడిదరంగుగా ఉంది, చెమట పట్టి ఉంది. ఆమె చూసింది. ఏమైందని అడగాలనిపించింది. తోటలో కుయ్‌లు లేవు. మరో కాయ తెంపింది.

మధ్యాహ్నానికి ఉల్పియానో లారీ వచ్చింది. మెల్చోర్‌కు పినతండ్రి కొడుకు. ఆ వాలు మీది పండ్లన్నీ అతనే కొంటాడు.

"ఏం వదినా, ఇంకా మౌనవ్రతమేనా? మిమ్మల్ని కలపాలంటే ఆ కొండ మళ్లీ పేలాలి!"

తర్హేలియా పెట్టె అందించింది. "మీ అన్నకు ఒంట్లో బాలేదేమో అడుగు."

"అన్నోయ్! వదిన నీ ఆరోగ్యం అడుగుతోంది! ఇవాళ పొద్దు పడమట పొడిచిందా ఏం?"

మెల్చోర్ పెట్టె మీద నుంచి తలెత్తి ఆమెకేసి చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఏం లేదని చెప్పు," అన్నాడు.

లారీ వాలు దిగి వెళ్లిపోయింది. మెల్చోర్ పండిన కాయల కోసం పై వరసకు వెళ్లాడు. తర్హేలియా ఖాళీ పెట్టెలు పేర్చింది, గోతిలోని కాయల మీద మన్ను లాగింది, చేతులు కడుక్కుంది. మబ్బు కొండ మీంచి దిగింది. అతను రాలేదు.

పైకి వెళ్లింది. చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, గడ్డం గుండె మీదికి వాలి ఉంది.

"మెల్చోర్," అంది.

ఆ పేరు తన గొంతులో ఎవరిదో పేరులా వినిపించింది. "లెయ్యి. వాన పడేలా ఉంది," అంది.

వాన పడింది. ఆమె పక్కనే కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి అప్పటికే చల్లబడింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. తడి మట్టి వాసన, ఆకుల ఘాటు వాసన వచ్చాయి. "ఆవును అమ్మి మంచి పనే చేశావు," అంది. ఇంకా ఏదో అనాలి గానీ గుర్తుకు రాలేదు.

చీకటి పడే ముందు, ఆమె కేకేస్తే ఇరుగుపొరుగు మనుషులొచ్చి అతన్ని దుప్పట్లో మోసుకుపోయారు. ఆమె వాళ్ల వెనకే దిగింది.

అతను కూర్చున్న చోట గడ్డి నలిగి ఉంది. దాని మీద రెండుగా కోసిన చెట్టు టమాటా ఒకటి ఉండిపోయింది. ఒక చెక్క పిండుకుని తిన్న తొక్క. రెండోది ముట్టనిది, గింజల మధ్య వాననీళ్లు నిలిచి, ఆ నీళ్లు మెల్లగా ఎర్రబడుతున్నాయి.