ఎన్ని చేపలు పడతాయి

లెక్కలాయన ఏంజెల్ చేపలు నాలుగు వేశాడు. కంప్యూటరు తెర మీద పచ్చటి గీత కదిలి పసుపు దాకా వచ్చి ఆగింది. వాటి పక్కన టైగర్ బార్బులు అరడజను వేశాడు. గీత ఒక్కసారిగా ఎర్రబడింది. కింద అక్షరాలు వచ్చాయి: "వద్దండీ. ఇవి ఊరుకునే రకం కాదు, వాటి రెక్కలు కొరికి పెడతాయి. వేరే తొట్టి ఉంటే చూడండి." లెక్కలాయన బార్బుల్ని తీసేశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ అవే అక్షరాలు. పరీక్షించడం ఎప్పుడో అయిపోయింది, ఇక చూడాల్సిందేమీ లేదు. అయినా పొద్దుటి నుంచీ ఇదే పని.

ఆ మాటలు ఆయన రాసినవి కావు. కింద చేపల గది చూసుకునే ఆవిడ ఫోన్లో అన్నవి. అన్నవి అన్నట్టే దించుకున్నాడు. అందుకే తెర మీద అవి కనబడితే ఆయన చదవడు, వింటాడు.

అక్వేరియంలు అమ్మే కొట్టు అది. కింద చేపలు, మధ్య అంతస్తులో గాజు తొట్లు, పైన ఆఫీసు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, ఈ తొట్టిలో ఎన్ని చేపలు పడతాయని. కొందరు అదీ అడగరు. గుండ్రటి గాజు గిన్నె కొని, ముద్దొచ్చిన చేపనల్లా అందులో కుమ్మరించుకుని, మూడోనాటికల్లా ఖాళీ గిన్నెతో వచ్చి మంచి చేపలివ్వలేదని గొడవకు దిగుతారు. ఈ గోల పడలేక యజమాని వెబ్‌సైటులో ఒక లెక్క పెట్టమన్నాడు. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొట్టాలి. ఫిల్టరు ఏదో చెప్పాలి. కావాల్సిన చేపల్ని ఎంచుకోవాలి. పడతాయో పడవో గీత చెబుతుంది. ఖాతాలు రాయడానికి చేరి, క్రమంగా కొట్టులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ దిక్కైన లెక్కలాయన మీద ఆ పని పడింది.

నెల రోజుల పని అనుకున్నారు. రెండేళ్ళు పట్టింది.

చేతకాక కాదండోయ్. తొట్టి కొలతల లెక్క ఆయన ఒక్క పూటలో తేల్చేశాడు. చిక్కంతా చేపలతో వచ్చింది. కొట్టులో వేలెడంత ఉన్నది ఏడాది తిరిగేసరికి మూరెడవుతుంది. లెక్క వేయాల్సింది కొన్ననాటి చేపకు కాదు, ఎదిగిన చేపకు. పైగా ఏది ఎవర్ని కరుస్తుంది, ఏది చల్లటి నీళ్ళు అడుగుతుంది, ఏది గుంపు లేకపోతే బతకదు, ఇవన్నీ కావాలి. పుస్తకాల్లో తలా ఒకటి రాశారు. చేపల గదిలో ఆవిడ మాత్రం ఇరవై ఏళ్ళుగా చూస్తోంది. ఆవిణ్ణి అడుగు అన్నారు. ఇంటర్‌కమ్ ఎత్తి అడిగాడు. మర్నాడు ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత అలవాటైంది.

మెట్లు దిగితే చేపల గది. దిగేవాడు కాదు. అక్కడి ఆవిరికి కళ్ళద్దాలు మసకబారతాయని చెప్పేవాడు. ఫోన్లో అయితే బుడబుడమని నీళ్ళ చప్పుడు, ఆ చప్పుడు మధ్యలోంచి "చెప్పండి" అని ఆవిడ గొంతు వినిపించేవి. ఆ ఒక్క మాట కోసం ఆయన కొట్టులో లేని చేపల్ని కూడా జాబితాలో చేర్చాడు. ఎవరూ కొనని, ఎవరూ పేరైనా వినని చేపలు. యజమాని ఎందుకివన్నీ అంటే, రేపు ఎవరైనా అడిగితే అనేవాడు. లెక్కలాయన కూర్చుంటే కుర్చీలో సగమే కూర్చునే మనిషి, మిగతా సగం ఇంకెవరికో వదిలేసినట్టు. బక్కపలచని ఒళ్ళు, నెత్తిన పలచబడ్డ జుట్టు, జేబులో రెండు పెన్నులు. అలాంటివాడు ఇంత తెలివిగా పని సాగదీస్తాడని ఎవరనుకుంటారు?

కొట్టులో అందరూ ఆవిణ్ణి చేపలక్క అంటారు. డ్రైవరు, కావలి మనిషి, గాజు కోసేవాళ్ళు, ఆఖరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన యజమాని కూడా. ఆవిడా అంతే, యజమానిని అన్నయ్యగారంటుంది, డ్రైవర్ని తమ్ముడూ అంటుంది, కావలి మనిషిని బాబాయ్ అంటుంది. లెక్కలాయన ఒక్కడే ఆవిణ్ణి అక్క అనలేదు. ఆయన ఆవిడకంటే ఆరేళ్ళు పెద్దవాడు గనక అని కాదు. అక్క అన్నాక ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఉండదు. అందుకని ఏమీ పిలిచేవాడు కాదు. "అదేనండీ..." అని మొదలుపెట్టేవాడు. రెండేళ్ళూ "అదేనండీ"తోనే గడిపాడు.

ఇప్పుడావిడ వెళ్ళిపోతోంది. భర్త పోయాక అత్తగారిని చూసుకుంటూ ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. ఈ మధ్య ఆ అత్తగారూ పోయారు. ఎక్కడో దూరాన సొంత అక్క ఉందట, ఆ ఊళ్ళో చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో పనీ దొరికిందట. సాయంత్రం బస్సు.

పోయిన వారం ఈ సంగతి ఆవిడే ఫోన్లో చెప్పింది. అంత దూరం ఎందుకండీ అని లెక్కలాయన అడగగలిగాడు, అదే గొప్ప.

"పెద్ద కారణమేమీ లేదండీ," అంది ఆవిడ. "ఉండమనేవాళ్ళు ఎవరూ లేరు గదా."

దానికి ఈ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? సక్కర్ చేప ఎంత పొడవు పెరుగుతుందని అడిగాడు. ఆ సంగతి ఆవిడ అప్పటికి మూడుసార్లు చెప్పింది. నాలుగోసారీ ఓపికగా చెప్పింది.

ఇంటికెళ్ళి వదినతో అన్నాడు. ఆయనకు చెప్పుకోవడానికి వదిన తప్ప ఎవరున్నారు? తండ్రి మంచాన పడ్డప్పుడు పాతికేళ్ళవాడు. ఆ సేవ ముగిసేసరికి అన్న పిల్లలు బళ్ళకు ఎదిగారు, వాళ్ళ చదువులకు తనూ ఒక చెయ్యి వేశాడు. మధ్యలో సంబంధాలు వచ్చాయి, పోయాయి. వయసెప్పుడు జారిపోయిందో ఆయనకే తెలీదు. ముందు గదిలో మంచం, మంచం కింద పెట్టె, అదీ ఆయన సంసారం. సక్కర్ చేప సంగతి విని వదిన నుదురు కొట్టుకుంది. ఈ ఉదయం ఆయన చెప్పులేసుకుంటుంటే మళ్ళీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"చూడు నాయనా," అంది. "ఇవాళ కూడా చేపల గురించే మాట్లాడి వచ్చావంటే నీకు అన్నం పెట్టను. ఉండమని అడుగు. కాదంటే కాదంటుంది, నీ సొమ్మేం పోదు."

అన్న పేపరు దించకుండానే దగ్గాడు. అడగమనే ఆ దగ్గుకు అర్థం.

మధ్యాహ్నం యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంకా ఏం మిగిలింది, పెట్టెయ్యవయ్యా అన్నాడు. ఆ ఎరుపు కాస్త తగ్గించమని, కొనేవాడు బెదిరిపోతాడని కూడా అన్నాడు. లెక్కలాయన తగ్గించనన్నాడు. ఇన్నేళ్ళ కొలువులో ఆయన కాదన్న మొదటి మాట అదే. యజమాని తెల్లబోయి, సరే నీ ఇష్టం అని వెళ్ళిపోయాడు. ఒక మీట నొక్కితే లెక్క ఊరందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇక ఫోను చేయడానికి సాకు లేదు. ఎరుపు విషయంలో నోరు పెగిలింది గదా, రెండో మాట కూడా పెగులుతుందని ధైర్యం తెచ్చుకుని మెట్లు దిగాడు.

చేపల గదిలోకి అడుగుపెట్టగానే అద్దాలు మసకబారాయి. తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గోడ పొడవునా మూడు వరసల తొట్లు, పైన గొట్టపు దీపాలు, నేలంతా తడి. ఆవిడ ఒక సంచిలో చేపలు పట్టి, గాలి నింపి, రబ్బరు బ్యాండు బిగిస్తోంది. మోచేతుల దాకా తడి చేతులు, నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళు, ముడిలో గుచ్చిన పెన్సిలు, చెవుల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు. ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"చెప్పండి," అంది.

ఫోన్లో వినే మాటే. ఎదురుగా వింటే అడగాలనుకున్నది వెనక్కి పోయింది. లెక్క పెట్టేశామని చెప్పాడు. చూపించమంది. చేతులు తుడుచుకుని పక్కకొచ్చి నిలబడింది. ఆయన తన ఫోన్లో తెరిచి ఇచ్చాడు. ఆవిడ పెద్ద తొట్టి ఎంచుకుని అందులో ఒకే ఒక్క నియాన్ టెట్రాను వేసింది. అంత తొట్టికి అంత చిన్న చేప, అయినా గీత ఎర్రబడింది. "ఒక్కదాన్నే ఉంచకండీ. బెదిరి మూల నక్కుతుంది, తిండి కూడా మానేస్తుంది. తోడుంటే ఎంత బాగా తిరుగుతుందో చూడండి."

ఆవిడ చదివి నవ్వింది. "ఇది నేనన్న మాటేనా?"

"మీదే. అన్నీ మీవే."

"అన్నీనా? ఎప్పుడన్నానో నాకే గుర్తులేదు."

"నాకు గుర్తుందండీ," అన్నాడు లెక్కలాయన.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఫోను తిరిగి ఇవ్వలేదు. తల వంచుకుని ఆ అక్షరాలకేసే చూస్తూ నిలబడింది. ఉండండి అనాలి. ఒక్క మాట. వెళ్ళకండి, నేను ఉండమంటున్నాను, అంతే. రెండేళ్ళుగా ఇంత కోరిక ఎక్కడ పెట్టుకు తిరిగాడో ఆయనకే అర్థం కాలేదు. ఇంకేమైనా అడగాలా అని ఆవిడ మెల్లగా అడిగింది. ఉందండీ అన్నాడు. అడగండి అంది.

డ్రైవరు తలుపు తోసి, చేపలక్కా అందరూ పైన కాచుకున్నారు, టీలు చల్లారిపోతున్నాయి అని కేకేశాడు. ఆవిడ ఒక క్షణం కదల్లేదు. ఆయన అప్పుడైనా అనవచ్చు. డ్రైవరు వింటాడని ఊరుకున్నాడు. ఆవిడ ఫోను ఆయన చేతిలో పెట్టి మెట్లెక్కింది.

పైన బల్లలు పక్కకు జరిపి అందరూ నిలబడి ఉన్నారు. యజమాని ఒక చేతిసంచి బహుమతిగా ఇచ్చి, చేపలక్క లేని కొట్టు ఎలా ఉంటుందో తలుచుకోలేకపోతున్నానన్నాడు. గాజు కోసే మనిషి ఏదో చెప్పబోయి కళ్ళు తుడుచుకున్నాడు. అందరి తర్వాత యజమాని హుషారుగా చుట్టూ చూశాడు.

"మన లెక్కలాయన మాట్లాడకపోతే ఎలా? చేపలక్కకు అందరికంటే ఎక్కువ ఫోన్లు చేసింది ఈయనే గదా!"

గది గొల్లుమంది. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు, ముచ్చటపడి నవ్వారు. కానీ లెక్కలాయన నవ్వలేకపోయాడు. అయితే అందరికీ తెలుసన్నమాట. ఎన్నాళ్ళుగా తెలుసు? ఆవిడ గురించి వెనక ఏమనుకున్నారో? నా మూలంగా ఆవిడకు మాట రాకూడదు అనిపించింది, తనకూ రాకూడదనిపించింది. ఏది ముందు అనిపించిందో చెప్పడం కష్టం. ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలి, వెంటనే. నోటికి అందింది పెట్టుకున్నాడు.

"అక్క లేకపోతే ఈ పనే లేదు," అన్నాడు. "అక్క అన్నీ ఓపిగ్గా చెప్పింది. అక్కా, అప్పుడప్పుడూ వస్తూ ఉండండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నీకంటే చిన్నదాన్ని పట్టుకుని అక్కంటావేమిటయ్యా అని ఎవరో ఆటపట్టించారు. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. కాసేపు ఆయన ముఖంలోకి చూసింది, సరిగా వినపడిందో లేదో అన్నట్టు. తర్వాత కొత్త సంచి భుజానికి తగిలించుకుంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పుకుంటూ చివరికి ఆయన ముందుకు వచ్చింది.

"వెళ్ళొస్తానన్నయ్యా," అంది.

అప్పుడు వెలిగింది ఆయనకు. యజమాని అన్నయ్యగారు, డ్రైవరు తమ్ముడు, కావలి మనిషి బాబాయ్. ఈ రెండేళ్ళలో ఆవిడ తనను ఏమీ పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు. "చెప్పండి" అనేది, అంతే. ఏ వరసా కలపకుండా తనొక్కడే తలుపు తీసి పెట్టానని అనుకున్నాడు. అవతలి నుంచి ఆవిడా పట్టుకుని నిలబడిందని ఇప్పుడు, అది మూశాక తెలిసింది. మంచిదమ్మా అన్నాడో, అసలేమీ అనలేదో గుర్తులేదు. డ్రైవరు పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. కిటికీలోంచి చూస్తే వీధిలో ఆవిడ ముడి, ముడిలో పెన్సిలు కాసేపు కనిపించి, మలుపు దగ్గర జనంలో కలిసిపోయాయి.

బల్లలు మళ్ళీ యథాస్థానానికి జరిపారు. యజమాని వచ్చి, అప్పుడే ఎవరో చిన్న గిన్నెలో ముప్పై గోల్డ్‌ఫిష్‌లు వేసి చూశారని, గీత ఎర్రగా మండిపోయిందని చెప్పి పకపకా నవ్వాడు. ఏమని రాసింది అందులో అని అడిగాడు. లెక్కలాయన తెర ఆయన వైపు తిప్పాడు.

ఇంటికి బయల్దేరిన మనిషి వీధి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చేపల గదిలోకి వచ్చాడు. ఎవరూ లేరు. కొత్త మనిషి రేపు వస్తాడట. అద్దాలు మసకబారాయి, ఈసారి తుడుచుకోలేదు. వదిన అన్నం పెడుతుంది, తిట్టదు కూడా. ముఖం చూసి ఊరుకుంటుంది. అది తలుచుకుంటే ఇంటికి కాళ్ళు పడలేదు. చేపలకు మేత వేళ అయింది. పై వరస తొట్లలో ఉన్నవన్నీ ఒక పక్కకే చేరి, గాజుకు మూతులు ఆనించి, కిందికి చూస్తున్నాయి. అక్కడ ఆవిడ ఎక్కి మేత వేసే పొట్టి చెక్క స్టూలు ఉంది, పాదాల రాపిడికి మధ్యలో రంగు పోయి, ఒక కోడు కింద మడతపెట్టిన అట్టముక్కతో.