మాటలు రాని చుట్టం

కల్యాణికి నోరు మూసుకోవడమంటే ముక్కు మూసుకున్నంత పని. పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చి జనగామలో నర్సింగు చదువుతున్న ఈ మూడేళ్లలో ఆమె మాట్లాడకుండా ఉండగా చూసినవాళ్లు లేరు. నిద్రలో కూడా మాట్లాడుతుందని పక్కమంచం రాణి చెప్పేది. నమ్మొచ్చు. రాణికి అప్పటికింకా అబద్ధాలు చెప్పే అలవాటు లేదు.

ఆ డిసెంబరులో క్రిస్మస్ సెలవులు వచ్చేనాటికి, తెలంగాణ ఇస్తామని ఢిల్లీ ప్రకటించి రెండు వారాలైంది. బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. రాణిది కాటారం. పండక్కి ఇంటికి పోతున్నానంటే, "నన్నూ తీసుకెళ్లవే. దారిలో మీ ఊళ్లన్నీ చూపించు. మూడేళ్లయినా ఈ హాస్టలు గోడలు తప్ప ఏం చూశాను?" అని కల్యాణి వెంటపడింది. వద్దనడానికి రాణికి కారణమేదీ కనపడలేదు.

మొదట చిల్పూరు గుట్ట ఎక్కారు. అక్కడి దేవుడు బుగులు వెంకన్న. బుగులు పట్టినవాళ్లు, అంటే గుండెలో భయం చేరినవాళ్లు, ఆయనకు మొక్కుకుంటారు. చర్చికి పోయే రాణి మెట్ల కింద చెప్పులకు కాపలా ఉంటే, కల్యాణి పైకి పోయి దేవుడితో కూడా పది నిమిషాలు కబుర్లాడి వచ్చింది. మర్నాడు రైలెక్కి మహబూబాబాదులో దిగారు. స్టేషను బయట మిర్చిబజ్జీలు తిని కల్యాణి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇంకో రెండు అడిగి తిన్నది. సాయంత్రానికి నెల్లికుదురులో రాణి చిన్నాయిన పౌలు ఇంటికి చేరారు.

ఆ సాయంత్రమే టీవీలో వార్త. అందరితో మాట్లాడి చూడాలంటూ ఢిల్లీ వెనక్కి తగ్గింది. వాకిట్లో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. ఎవరో రోడ్డు మీదికి టైరు దొర్లించుకుపోయారు. తెల్లారితే బంద్. బస్సు లేదు, రైలు నమ్మకం లేదు, హాస్టలుకు తాళం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కల్యాణి చేతిలో పళ్లెం కింద పెట్టి, "రాణీ, నన్నేమైనా అంటారా?" అని మెల్లగా అడిగింది.

"నిన్నెవ్వలేమంటరు బిడ్డా?" అన్నాడు పౌలు. "మా కోపం సర్కారు మీద. ఇంటికొచ్చిన ఆడివిల్ల మీద గాదు."

రాణికి ఆ మాట చెవిలోంచి గుండెలోకి దిగలేదు.

పౌలుకు తెలిసిన లస్మయ్య పండక్కి పోయేవాళ్లను జీపులో ఎక్కించుకుని ఊళ్ల మధ్య దారుల్లో భూపాలపల్లి దాకా పోతానంటే, తెల్లవారుజామునే ఎక్కారు. జీపులో అన్నీ అవే మాటలు. ఎక్కడో ఆంధ్రా బండి అద్దాలు పగిలాయట. ఎక్కడో పేరూ ఊరూ అడిగి దింపేస్తున్నారట. చూసినవాళ్లు ఒక్కరూ లేరు, చెప్పేవాళ్లు మాత్రం అందరూ. కల్యాణి నోరు విప్పి "ఏవండీ" అన్నదంటే చాలు, ఏ ఊరో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

"ఏదైనా జరిగితే నువ్వు మాట్లాడొద్దు. మూగదానివని చెప్త," అని చెవిలో గొణిగింది. కల్యాణి తలూపింది.

భూపాలపల్లి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. వాటి వెనక మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుని అక్కడే తింటోంది. వంటావార్పు అని దానికి పేరు. అన్నం ఉడుకుతున్నంతసేపూ చక్రం కదలడానికి వీల్లేదు. అందరూ దిగారు. కండువా మెడకు చుట్టుకున్న ఒకాయన దగ్గరికి వచ్చాడు.

"ఎవ్వలు బిడ్డా మీరు? యాడికి?"

"కాటారమన్నా. పండక్కి పోతున్నం."

"గీమె?"

రాణి కల్యాణిని తన వెనక్కి లాక్కుంది. "మా చిన్నమ్మ బిడ్డ. మాటలు రావు. ఇనవడదు గూడ."

ఇనవడదు అన్న ముక్క ఎందుకు తగిలించిందో ఆమెకే తెలియదు. భయంలో అబద్ధం అవసరానికి మించే వస్తుంది. ఆయన ముఖం మెత్తబడింది. "అయ్యో. నీడకు కూసోండ్రి. అన్నమైనంక తిని పోదురు," అని వెళ్లిపోయాడు. రాణికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

వచ్చిన ప్రాణం ఎంతోసేపు నిలవలేదు. పొయ్యి దగ్గర గంటె తిప్పుతున్న ముసలామె ఈ మాట విన్నది. పేరు లచ్చవ్వ. గంటె వదిలేసి, ఉల్లిగడ్డలు కోస్తున్న పాతికేళ్ల మనిషి భుజం తట్టి, చేతులతో ఏదో చెప్పి, వేలితో కల్యాణిని చూపించింది.

"నా బిడ్డ బుచ్చి," అన్నది లచ్చవ్వ రాణితో. "ఇదీ గంతే. పుట్టినప్పటిసంది ఇనవడదు, మాట రాదు. మా ఊళ్లె గిసొంటోళ్లు ఇంకెవ్వలు లేరు."

బుచ్చి పరుగున వచ్చింది. కల్యాణి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, చెవి మీద వేలు పెట్టి, పెదవుల మీద పెట్టి, తనను చూపించి, కల్యాణిని చూపించి, చేతులు రెండూ కలిపి ముడేసింది. ముఖమంతా నవ్వే. తర్వాత ఆ చేతులు ఆగలేదు. వేళ్లు ఎగిరాయి, తిరిగాయి, గుండె మీద వాలాయి. ఇన్నేళ్ల మాటలన్నీ ఒక్కపూటలో చెప్పేయాలన్నట్టుంది. కల్యాణి మాటకారి అనుకున్నాం కదా, బుచ్చి ముందు ఏపాటి! అర్థం కాక కల్యాణి ప్రతిదానికీ తలూపింది, నవ్వింది, రాణివైపు బిత్తరచూపులు చూసింది.

"సూడు సూడు, ఎంత సంబురపడుతున్నదో నా బిడ్డ," అని లచ్చవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు వెనకనుంచి డప్పు మోగింది. దగ్గరగా, ఒక్కసారిగా. కల్యాణి ఉలిక్కిపడి గిరుక్కున తిరిగింది.

బుచ్చి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. డప్పు ఆమెకు వినపడదు. కానీ వినేవాళ్లు ఎట్లా తిరుగుతారో పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంది. ఆమె కల్యాణి ముఖంలోకి చాలాసేపు చూసింది. నవ్వు ఎటు పోయిందో పోయింది. లేచి తల్లి దగ్గరికి నడిచింది. పొయ్యి పక్కన ఆమె చేతులు రెండే రెండుసార్లు కదిలాయి.

రాణికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు లచ్చవ్వ ఒక్క కేక వేస్తే? ఆ కండువాలన్నీ ఇటు తిరిగితే? లచ్చవ్వ వచ్చింది. వీళ్ల ఎదురుగా కూర్చుంది.

"ఇనవడతది గదనే ఈమెకు?"

కల్యాణే మాట్లాడింది, ఏడుస్తూ. "క్షమించండమ్మా. మాది పాలకొల్లండీ. నా మాట వింటే ఏమంటారోనని భయమేసిందండీ. దాని తప్పేం లేదు, నాకోసమే చెప్పింది."

గొంతు కాస్త పైకే లేచింది. కండువా ఆయన తలతిప్పి, "ఏందవ్వా?" అన్నాడు.

రాణి కళ్లు మూసుకుంది.

"ఏం లేదు కొడుకా. ఆకలైతాందంటున్నరు," అన్నది లచ్చవ్వ. ఆయన డప్పుల వైపు పోయాడు. ఆమె గొంతు తగ్గించింది. "ఆంధ్ర పిల్లనా? అయితేంది? రాళ్లు పెట్టింది నీకోసమా? నీకింత అన్నం పెట్టలేమా మేము? ఆ మాట చెప్తే కడుపుల పెట్టుకుందుము." ఆగి రాణివైపు తిరిగింది. "ఈమెకంటె తెల్వదు. నువ్వు ఈడిదానివే గదనే! మమ్ముల గంత ఘోరమోళ్లను జేసినవా? అంటివి పో. నోరు లేని నా బిడ్డను గింత ఆశ పెట్టి ఏం జేసిన్రే?"

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పొద్దున్నుంచీ రాణి భయపడింది ఈ మనుషులకు. పుట్టి పెరిగిన గడ్డ మీద, తన మాటే మాట్లాడే మనుషులకు. ఇప్పుడు తనను చూస్తే తనకే భయం వేసింది.

అన్నం ఉడికింది. విస్తరాకులు వేశారు. వీళ్లిద్దరికీ అందరికన్నా ముందు వడ్డించింది బుచ్చే. అన్నం పెట్టింది, పప్పు పోసింది, ముఖం మాత్రం చూడలేదు. కల్యాణి రెండు చేతులూ జోడించి ఆమెకు అడ్డంగా నిలబడింది. ఏం చెప్పాలో చేతులకు తెలియక "తప్పయిపోయింది బుచ్చీ" అని నోటితోనే అన్నది. కదులుతున్న ఆ పెదవులను బుచ్చి ఒకసారి చూసి, తప్పుకుని, గుండిగ దగ్గరికి పోయి ఇటు వీపు పెట్టి కూర్చుంది.

మధ్యాహ్నం రాళ్లు పక్కకు జరిపారు. జీపు పెద్దగా దగ్గి, అరిచి స్టార్టయింది. రోడ్డు మీది తలలన్నీ ఇటు తిరిగాయి, చేతులు ఊపారు. బుచ్చి తల ఒక్కటే తిరగలేదు. వీళ్లు వెళ్లిపోతున్నారని ఆమెకు తెలియదు. దిగి వెళ్లి భుజం తట్టి చెప్పడానికి ఇద్దరిలో ఎవరికీ ధైర్యం చాలలేదు.