అది గురక కాదు

కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే ఆ షెడ్డులో మధ్యాహ్నం అందరూ కలిసే అన్నాలు తినేవారు. ఆ రోజు మాత్రం ఒకరి చోటు ఖాళీగా ఉంది. సొట్టలు తీసే పనివాణ్ణి, అందరూ పొడుగు అని పిలిచే మనిషిని, ముందురోజే శ్మశానానికి సాగనంపి వచ్చారు.

"మందు కొట్టి, దానిమీద మత్తుపొడి కూడా తీసుకున్నాట్ట. రెండూ కలిస్తే ఎవడు మిగులుతాడు?" అన్నాడు వెల్డరు క్యారియర్ మూత తీస్తూ.

"వాడి గుండె ముందునుంచీ వీకు," అన్నాడింకొకడు.

"అదేం కాదు, ఆత్రం," అన్నాడు పెయింటరు. "ఎక్కడ ఆగాలో తెలియనివాడు దాని జోలికి వెళ్ళకూడదు. నన్ను చూడండి. ఇన్నేళ్ళుగా తీసుకుంటున్నా. ఒక్కరోజన్నా తుమ్మానా, దగ్గానా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో మనం కాస్త ఆలోచించాలి. వాళ్ళెవరూ అబద్ధమాడలేదు. పొడుగు చావుకు తలా ఒక కారణం వెతుక్కున్నారు, అంతే. ఆ కారణం తమలో లేదని తేల్చుకుంటే గాని వాళ్ళకు ముద్ద దిగదు. భయపడితే మానెయ్యాలి. మానలేనివాళ్ళకు భయం పెద్ద బరువు. ఆ బరువును చచ్చినవాడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నారు.

పెయింటరు పనిమంతుడు. ఎండకు వెలిసిన కారుకైనా అతడు కలిపిన రంగు అతుకు తెలియకుండా కలిసిపోయేది. అందుకే ఓనరు అతడి అలవాటు తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. ఇంట్లో సంచులు కుట్టే భార్య మాత్రం ఊరుకోలేదు.

"పొడుగన్నయ్య కూడా మొన్నటిదాకా బాగానే ఉన్నాడు కదండీ?"

"నన్ను తీసుకెళ్ళి వాడితో పోలుస్తావేమిటే!" అని కసిరాడు.

కొన్నాళ్ళకు అతడికి కామెర్లు వచ్చాయి. అక్క వచ్చి తమ్ముణ్ణి తన ఇంటికి తీసుకెళ్ళి, గుమ్మం దాటనివ్వకుండా కాపలా కాసింది. మొదట్లో పొడి లేక మెలికలు తిరిగిపోయాడు, అరిచాడు, ఏడ్చాడు. తర్వాత నెమ్మదిగా నిద్రపట్టింది, ఆకలి తెలిసింది. "ఒరేయ్ బావమరిదీ, నీ బుగ్గలు నీకు దొరికాయి. మళ్ళీ ఎక్కడా పారేసుకోకు," అని బావ వేళాకోళం చేశాడు. ఇంటికి తిరిగొచ్చిన భర్తను చూసి భార్య చాలాకాలానికి కంటినిండా నిద్రపోయింది.

అయితే ఒక ముఖ్యమైన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కొంతకాలం దూరంగా ఉన్న ఒళ్ళు ఆ విషాన్ని ఓర్చుకునే అలవాటు పోగొట్టుకుంటుంది. నిన్నమొన్నటిదాకా నిలబెట్టిన మోతాదే ఇవాళ నిలువునా కూలుస్తుంది.

పెయింటరు మళ్ళీ పనిలో చేరాడు. ఒకరోజు ఒక కారు యజమాని తలుపు రంగు కలవలేదంటూ నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆయన వెళ్ళగానే పెయింటరు వెల్డరు పక్కకు చేరాడు.

"మానేశావు కదరా?"

"మానేశాను. ఈ ఒక్కసారే. పాత డోసేలేరా, పాత చుట్టం. మర్యాద తెలుసు."

వెల్డరు జేబులోంచి తీసిచ్చిన పొట్లంతో రంగులు కలిపే గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

బయట కంప్రెసర్ హోరులో ఎవరికీ ఏమీ వినిపించలేదు. అది ఆగాక గదిలోంచి పెద్దగా గురక వినవచ్చింది. "అక్క ఇంట్లో తిని తిని బద్ధకం మరిగాడు," అని నవ్వుకున్నారు. గురకకూ గురకకూ మధ్య ఎడం పెరుగుతోందని ఎవరూ గమనించలేదు.

అప్పుడే భార్య వచ్చింది. భర్త ఇంట్లో మరిచిపోయిన మాత్రలు ఇచ్చి వెళదామని. గది ముందు నిలబడి చెవి ఒగ్గి వింది. తలుపు దబదబా బాదింది.

"పడుకోనీ చెల్లెమ్మా, లేచాక నేనిస్తాలే," అన్నాడు వెల్డరు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన గురక వింటున్నా అన్నయ్యా. ఇది గురక కాదు. తలుపు తియ్యండి!"

గునపంతో గడియ ఊడగొట్టారు. పెయింటరు కుడిచేతిమీద బోర్లా ఒరిగిపోయి ఉన్నాడు. పెదవులు నీలం తిరిగాయి. గొంతులో నీళ్ళు సుడి తిరిగినట్టు ఒక్క చప్పుడు వచ్చి, అదీ ఆగిపోయింది.

"అంబులెన్సు వద్దు, వెనకే పోలీసులొస్తారు," అన్నాడు ఓనరు. "షెడ్డు మూతపడుతుంది. మొహాన నీళ్ళు కొట్టండి, వాడే లేస్తాడు."

ఎవరూ కదల్లేదు.

"మీ షెడ్డు మూతపడితే మళ్ళీ తెరుచుకుంటుంది. ఈయన కళ్ళు తెరుచుకుంటాయా?" అంటూ ఆమే ఫోన్ చేసింది. అవతలి మనిషి చెప్పినట్టల్లా భర్తను వెల్లకిలా తిప్పి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. బండి వచ్చేదాకా ఊదుతూనే ఉంది.

పెయింటరు బతికాడు. కాని ఒంటికింద నలిగిపోయిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. మళ్ళీ స్ప్రే గన్ పట్టుకోగలడో లేదో డాక్టరమ్మ చెప్పలేకపోయింది.

వెల్డరు చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వు మధ్యలో మానేసి ఒక్కసారిగా తీసుకున్నావు, అందుకే ఇలా అయింది. మాకు రోజూ అలవాటే కదరా. మాకేం కాదు."

ఎదుట మాట్లాడుతున్నది వెల్డరే గాని, ఆ మాటలు ఒకప్పుడు పెయింటరు అన్నవే. "ఒరేయ్," అన్నాడు బొంగురుగా, "చచ్చేముందు పొడుగు కూడా ఇలాగే అనుకుని ఉంటాడురా. నేనూ అనుకున్నాను."

పక్కమంచం దగ్గరున్న డాక్టరమ్మ ఇటు తిరిగింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు.

"అలవాటు కాపాడుతుందని ఎవరు చెప్పారు నాయనా? ఈ వార్డుకు నేను చూస్తుండగా వచ్చినవాళ్ళలో చాలామంది అలవాటున్నవాళ్ళే. ఆ పొట్లంలో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు. మానడానికి ఇక్కడ వైద్యం ఉంది, రేపే రా. ఈలోగా ఎవరైనా అలా పడిపోతే పోలీసులని భయపడి కూర్చోకండి, వెంటనే ఫోన్ చెయ్యండి."

వెల్డరు జేబులో పొట్లం మీద పెట్టిన చెయ్యి బయటికి తియ్యలేదు. లేచి గుమ్మం వైపు నడిచాడు.

అతడు వెళ్ళినవైపే చూస్తూ డాక్టరమ్మ, మంచం దగ్గరున్న పెయింటరు భార్యతో మెల్లగా అంది:

"మత్తుమందు ముందుగా చంపేది భయాన్నమ్మా. 'నాకేం కాదు' అని మనిషి చేత అనిపించాకే ప్రాణం మీదికి వస్తుంది."