పడటం రాని రోకలి

అయినా పడటం తప్పని అక్కకి ఎవరు చెప్పారు, ఆ ఆటలో సగం పడటమే కదా, అనుకుంటూ అతను తెల్లచొక్కా కాలరును దీపం కిందికి జరిపాడు. టీ మరక కాదు. టీ అయితే అంచు ఇంత ముదరదు. దగ్గు మందు కావచ్చు. మరక ఏమిటో తెలియకుండా మందు వేస్తే రెండో మరక తయారవుతుంది. అక్క రాసినదాంట్లో ఏం తప్పో అతనికి బాగానే తెలుసు. ఎలా చెప్పాలో తెలియకే ఈ తిప్పలు. నిన్నటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టాడు, నాలుగుసార్లూ మొదటి మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

అతను పనిచేసేది బట్టలు ఉతికే దుకాణంలో, వెనకగదిలో. ముందు గదిలోవాళ్ళు నవ్వుతూ బట్టలు తీసుకుంటారు, వెనకగదిలో అతను మాట్లాడకుండా మరకలు తీస్తాడు. ఆ పని అతనికి సరిగ్గా సరిపోయింది. మాట్లాడాల్సిన మాటలన్నీ సాయంత్రాల కోసం దాచుకుంటాడు. సాయంత్రమైతే అతను బాకా.

బాకా ఒక మల్లుడు. ఇంటర్నెట్టులో ఒకచోట కొంతమంది చేరి కుస్తీ ఆడతారు. ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు, రాస్తారంతే. ఒక్కొక్కరు ఒక్కో మల్లుణ్ణి కల్పించుకుంటారు. పోటీకి ముందు ఇద్దరూ తమ మల్లుల గొంతుతో ఒక్కో సవాలు రాస్తారు. పెద్దలు ఆ రెండూ చదివి, ఎవరి రాత పట్టు పడితే వాళ్ళ మల్లుడు గెలిచాడంటారు. అతని బాకాకి మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. రింగు బయట ప్రపంచాన్ని జయిస్తాడు, రింగులోకి దిగగానే తాడు పట్టుకుని వెనక్కి చూస్తాడు. పగలంతా నోట్లో మాట పెగలని మనిషి కడుపున ఇలాంటి వాగుడుకాయ ఎలా పుట్టాడో అతను అప్పుడప్పుడు ఆలోచించేవాడు. వాడు తనకి వ్యతిరేకం కాదేమో, తనలోంచే తప్పించుకు తిరుగుతున్నవాడేమో అనిపించేది.

ఆ రాతల కుస్తీలో ఒక ఆచారం ఉంది. ఓడినవాడికి, గెలిచినవాడు మూడు ముక్కలు రాయాలి. ఎక్కడ ఆగాను, ఎక్కడ దాటేశాను, ఇంకేం వినాలనుంది. పొగడక్కర్లేదు, తిట్టక్కర్లేదు, చదివిన కన్ను ఎక్కడెక్కడ తిరిగిందో చెబితే చాలు. ఓడినవాడి రాతను గెలిచినవాడికన్నా దగ్గరగా చదివేవాడు ఉండడని వాళ్ళ నమ్మకం. ఆ మూడు ముక్కలూ అందేదాకా ఓడినవాడికి తరవాతి పోటీ రాదు. ఈ మూడు ముక్కల్లో అతనికి పెద్ద పేరు. 'బాకా చేతిలో ఓడితే ట్యూషను ఫీజు మిగిలినట్టే' అని అక్కడివాళ్ళు వేళాకోళమాడుకుంటారు.

అలాంటివాడు ఇప్పుడు అక్క మీద గెలిచి కూర్చున్నాడు.

అక్క బిస్కెట్ల కార్ఖానాలో ప్యాకింగు విభాగానికి పెద్ద. కిందటి నెల అక్కడి ఇనుప మెట్ల మీద జారి మోకాలిచిప్ప పగలగొట్టుకుంది. పగిలిన మోకాలితోనే షిఫ్టు ముగించి, బస్సెక్కి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "ఒరేయ్, ఆ మెట్లు నన్ను తన్నాయిరా" అంది. పడ్డానని ఆ రోజూ అనలేదు, తరవాతా అనలేదు. కట్టుతో ఇంట్లో కూర్చోవలసి వచ్చేసరికి ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. కిటికీ ముందు కుర్చీ వేసుకుని, రోడ్డు మీద వెళ్ళే బళ్ళని తనిఖీ చేస్తున్నట్టు చూసేది. ఒక సాయంత్రం అతని వెనక నిలబడి, "ఏంట్రా ఈ కుస్తీ? నాక్కూడా ఒకణ్ణి ఇప్పించు, వాడితో నలుగుర్ని తన్నించాలి" అంది.

అలా పుట్టింది రోకలి. ఆ పేరేంటక్కా అని అడిగితే, "ఇన్నాళ్ళూ రోట్లో తల పెట్టాను కదరా. ఈసారి అటు నుంచి చూద్దామని" అంది.

రాయడం మొదలుపెట్టాక ఆమె కిటికీని మరిచిపోయింది. టాబ్లెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఒంటివేలితో పొడుస్తూ, తనలో తనే నవ్వుకునేది. మొదటి పోటీ చీట్లలో బాకా మీదే పడింది. ఫలితం నిన్న వచ్చింది. ఇవాళ పొద్దున అతను గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఓడిపోయానట కదా."

"మొదటిసారి అందరూ ఓడతారక్కా."

"ఎందుకు ఓడానో నువ్వే చెప్పాలట కదా. సాయంత్రానికి రాయి. కానీ ఒక్క మాట విను. 'బాగుందక్కా' అని రాశావంటే ఈ ఆట ఇంతటితో బంద్. నాకు నా కిటికీ ఉంది."

"అలా ఎందుకంటావు?"

"నీ 'బాగుంది' నాకు కొత్తా? బస్సుకి టైమైంది, పో."

ఇప్పుడు అతను కాలరు మీద మందు చుక్క వేసి, మెత్తటి గుడ్డతో అంచు నుంచి లోపలికి అద్దుతున్నాడు. పక్కన ఇస్త్రీ బాబాయి ఆవిరి పెట్టెను ఒక ప్యాంటు పక్కన నిలబెట్టి, అతని మొహం చూసి నవ్వాడు.

"ఏరా, కుస్తీలో గెలిచి కూడా ఏడుపుమొహమేనా?"

"ఓడినవాళ్ళకి రాయాలి బాబాయ్. ఓడింది మా అక్క."

"దాందేముంది. బాగుందని రాసి పారెయ్. మా ఆవిడ ఏం చేసినా ముప్ఫై ఏళ్ళుగా నేను అంతే. సంసారం చూడు, నిక్షేపంలా ఉంది."

"పిన్నికి తెలియదా?"

"తెలియకేం." బాబాయి ప్యాంటు మడతని వేలితో నిమిరాడు. "అందుకే నన్నేదీ అడగడం మానేసింది."

ఆ మాట సరదాగానే అన్నాడు గానీ అన్నాక పెట్టెను మళ్ళీ ఎత్తడానికి కాస్త ఆలస్యం చేశాడు. ఆవిరి బాబాయి కళ్ళద్దాల మీద పట్టింది. తుడుచుకోలేదు.

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి అక్క గోడ పట్టుకుని మోకాలు వంచుతోంది. డాక్టరు చెప్పిన వ్యాయామం. నుదుటి మీద చెమట పట్టింది. అతను చెయ్యి అందించబోతే కళ్ళతోనే వద్దంది.

"రాశావా?"

"రాస్తున్నా."

"మరకలు తియ్యడానికి కూడా ఇంతసేపు పట్టదేమో నీకు." కుర్చీలోకి జాగ్రత్తగా జారి, కాలు చాపుకుంది. "ఒరేయ్, చిన్నప్పుడు నీకు నేను జుట్టు కత్తిరించాను గుర్తుందా? ఒక చెవి మీద ఉన్న జుట్టు రెండో చెవి మీద లేదు."

"ఉంది."

"అద్దంలో చూసుకుని బాగుందక్కా అన్నావు. మర్నాడు మండుటెండలో ఉన్ని టోపీ పెట్టుకుని బడికి పోయావు. నేను మేడ మీంచి చూస్తూనే ఉన్నా."

అతనికి నవ్వొచ్చింది. "మరి నేనేమనాల్సింది?"

"ఇంకోసారి కత్తెర పట్టమనాల్సింది. మళ్ళీ కూర్చుని సరిచేసేదాన్ని కదరా."

అతను తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

బాగుంది అనే మాట ఎప్పుడు పుట్టిందో అతనికి గుర్తుంది. అమ్మ పోయిన కొత్తల్లో. నాన్న లారీ మీద ఊళ్ళు తిరుగుతుండేవాడు. బడి మానేసిన అక్క మొదటిసారి వండిన అన్నం అడుగంటింది. ఆ మాడు వాసన గదంతా నిండి ఉండగా ఆమె అతని మొహం వైపు చూసింది. ఆ చూపుకి జవాబుగా వచ్చింది ఆ మాట. అప్పుడది అబద్ధం కాదు. కాలు విరిగినవాడికి అందించిన కర్రలాంటిది. కాలు బాగుపడ్డాక కూడా ఇద్దరూ ఆ కర్రను వదల్లేదు, అంతే. ఆమె ఏది ముందు పెట్టినా అతను అదే మాట తిరిగి పెట్టాడు. చివరికది తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడులా తయారైంది. చప్పుడు వినగానే అవతలి మనిషి వెళ్ళిపోవచ్చని తెలిసిపోతుంది.

ఆమె సవాలును మళ్ళీ తెరిచాడు.

'నేను పడను. నన్ను పడేసే చెయ్యిని ఏ తల్లీ ఇంకా కనలేదు. బాకా, నీ పళ్ళు ఏరుకోవడానికి చీపురు తెచ్చుకో.' ఇక్కడ మొదటిసారి చదివినప్పుడే నవ్వాడు. కానీ రెండో పేరాకే బాకా కింద పడిపోయాడు. మూడో పేరాలో కాళ్ళు పట్టుకున్నాడు. నాలుగో పేరాలో క్షమించమని ఏడ్చాడు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసే తప్పే ఇది. నీ దెబ్బ నువ్వు రాయాలి, అవతలివాడు పడాలా వద్దా అన్నది అవతలివాడికి వదిలెయ్యాలి. పెద్దలు ఆమెని ఓడించింది అందుకే. అంతవరకు చెప్పడం తేలిక. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పలేదు.

కష్టమంతా మొదటి పేరా చివర, ఆమె పట్టించుకోకుండా రాసేసిన చోట ఉంది.

'రోకలి బూటుతాడు కట్టుకోవడానికి నేల మీద కూర్చుంది. కట్టడం అయిపోయింది. పిలవడానికి ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి కాసేపు అక్కడే ఉంది. తరవాత లేచి తలుపును తన్నింది.'

మొదటిసారి చదివినప్పుడు ఇక్కడికి వచ్చి, టీ చల్లారిపోయేదాకా ఆగిపోయాడు. ఆ నేల అతనికి తెలుసు. చిన్నప్పుడు ఒకరోజు బడి త్వరగా వదిలేశారు. వెనక తలుపు నుంచి ఇంట్లోకి వచ్చాడు. వంటగదిలో అక్క నేల మీద కూర్చుని ఉంది. తోమిన గిన్నె ఒళ్ళో ఉంది. ఏడవడం లేదు. గిన్నెను చూడటం లేదు. ఊరికే కూర్చుంది, ఎవరో వచ్చి అచ్చంగా ఆ చోటు ఆమెకి రాసిచ్చినట్టు. అతను గుమ్మం బయట కాసేపు నిలబడ్డాడు. లోపలికి వెళ్ళాలనిపించింది. వెళితే ఏమనాలో తెలియలేదు. చివరికి చెప్పు నేలకేసి రుద్ది చప్పుడు చేశాడు. ఆమె దిగ్గున లేచి నిలబడింది. "అన్నం పెట్టనా?" అంది.

ఆమె అంత తొందరగా లేవాల్సిన పని లేదు. ఆ సంగతి చెప్పేవాళ్ళే లేరు.

ఇది రాస్తే తను చూశానని ఆమెకి తెలుస్తుంది. చూసి చప్పుడు చేశానని కూడా తెలుస్తుందేమో. నవ్వేసి, "కథల్లో ఎన్నో రాస్తాంరా" అని కొట్టిపారెయ్యొచ్చు. లేదా మొహం బిగుసుకుని కిటికీ వైపు తిరగొచ్చు. ఆమె ఏం చేస్తుందో అతను ఒకటి తరవాత ఒకటి ఊహించుకుంటూ పోయాడు. ఊహలో ఆమె లేచింది, కోప్పడింది, టాబ్లెట్టు పక్కన పెట్టింది, మాట్లాడటం మానేసింది. ఉన్నట్టుండి అతనికి తను చేస్తున్నదేమిటో తట్టింది. అక్క బాకాని పడేసినట్టే తను అక్కని పడేస్తున్నాడు. ఆమె పడాలా వద్దా అన్నది ఆమె రాసుకోవాల్సిన సంగతి. తన వంతు తను రాయడమే.

కుర్చీ ముందుకి లాక్కున్నాడు. వేళ్ళు వాటంతటవే ఎప్పటి మాటతోనే మొదలుపెట్టాయి. వాటిని ఆపలేదు. ముందు మిగతాది రానిమ్మనుకున్నాడు.

'బాగుందక్కా.

ఎక్కడ దాటేశాను: బాకా కింద పడ్డ దగ్గర్నుంచి కాళ్ళు పట్టుకునేదాకా. వాడు నా వాడు, ఎప్పుడు పడాలో నేను చూసుకుంటాను. నువ్వు కొట్టు. పడతాడో లేదోనని నువ్వు కూడా భయపడు. అప్పుడు చదివేవాళ్ళం కూడా భయపడతాం. నీ రోకలి ఎప్పుడూ పడదు కాబట్టి ఆమె గురించి మాకు దిగుల్లేదు. దిగులు లేని మనిషిని ఎంతసేపు చూస్తాం?

ఎక్కడ ఆగాను: బూటుతాడు దగ్గర. కట్టడం అయిపోయాక కూడా ఆమె నేల మీదే ఉన్న చోట. నువ్వు రాసిన అన్ని దెబ్బల్లోకీ నాకు తగిలింది అదొక్కటే. అలా కూర్చున్న మనిషిని నేను ఒకసారి చూశాను. అప్పుడు చిన్నవాణ్ణి, ఏం చెయ్యాలో తెలియక చప్పుడు చేశాను. ఆమె లేచిపోయింది.

ఇంకేం వినాలనుంది: ఆ కాసేపట్లో రోకలి ఏమనుకుంది? తలుపు తన్నడానికి తొందరేం లేదు, పోటీ ఆగుతుంది. అందరికీ చెప్పడం ఇష్టం లేకపోతే బాకాకి చెప్పమను. వాడి నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. అయినా ఈ ఒక్కటీ దాచుకుంటాడు.'

మళ్ళీ చదివాడు. ఒకచోట మాట మార్చబోయి మానేశాడు. గోడ అవతల కుర్చీ కిర్రుమంది. అక్క కాలు మార్చుకున్నట్టుంది.

"ఒరేయ్, నిద్రపోయావా?"

"లేదక్కా."

"మరి?"

"అయిపోయింది. ఒక్క మాట తియ్యాలి."

రాసినదాని మొదటికి వెళ్ళాడు. మొదటి వరుసలో 'బాగుంద' అన్నంత మేరా ఒక్కొక్క అక్షరమే చెరిపేశాడు. 'క్కా' మిగిలింది. ముందు 'అ' చేర్చితే 'అక్కా' అయింది. దాని పక్కన కామా పెట్టి, పంపే మీట నొక్కాడు.