సదయ్యకు నెత్తురు మంచిగుందట

సమ్మె టెంటు వేసిన రోజు నుంచి మా ఆయనకు అదొక్కటే కథ. "నాకు క్యాన్సరయితె ఏంది? నెత్తురు నాళాలు మస్తుగున్నయట. రిపోర్టుల హై అని రాసిండ్రు" అని గోదావరిఖని చౌరస్తాలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పుకున్నాడు. వాళ్లూ తలలూపారు. బొగ్గుబాయిలో పాతికేళ్లు గోడలు కట్టిన మేస్త్రీ సదయ్య మాటంటే వాళ్లకు గురి. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నా ఊపుతారు.

ఆగస్టులో హైదరాబాదులో ఆయన పెద్దపేగులోని గడ్డ తీశారు. దాన్ని పరీక్షకు పంపితే వారానికి ఆ కాగితం వచ్చింది. డాక్టరమ్మ నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచింది.

"గడ్డ బతకడానికి తనే కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుందమ్మా. మీ ఆయన గడ్డలో అవి చాలా చిక్కగా ఉన్నాయి. ఇలా ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ, బతికే కాలం తక్కువ. ఇది అంచనా మాత్రమే, ఎవరికీ తేదీ చెప్పదు. కానీ ఆపరేషనైన ఎనిమిది వారాల్లోపల ఇంజక్షన్లు మొదలుపెట్టాలి."

సరేనని లోపలికి వచ్చేసరికి ఈయన మంచం మీద కాగితం పట్టుకుని నవ్వుతున్నాడు. "సూసినవా రాజకుమారీ, నెత్తురు మంచిగ పారుతాందట!" కుట్లు ఆరని మనిషి నవ్వితే చెడగొట్టబుద్ధి కాలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చినా ఆ రేపు రాలేదు.

ఈలోగా తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, మా ఆయనకు సాకు దొరికింది. ఇంజక్షన్లకు హైదరాబాదు పోదామంటే బస్సుల్లేవంటాడు. పక్క క్వార్టరులో ఉండే మెకానిక్ అలీముద్దీన్ ముందుకొచ్చాడు. "ఫికర్ జెయ్యకు భాభీ, నా జీపున్నది. అద్దానికి పేషెంట్ అని కాగితం అంటిస్త, ఎవ్వలాపరు." అప్పుడు ఈయన కొత్త పాట ఎత్తుకున్నాడు. "మంచి నెత్తురున్నోనికి సూదులెందుకు? తెలంగాణ రానియ్, అప్పుడు పోదాం." కండువా భుజాన వేసుకుని టెంటుకు బయల్దేరాడు. రోగం ఆయనది, బతిమాలే కర్మ నాది. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినడే!

సోమవారానికి ఎనిమిది వారాలు నిండుతాయి. ఆదివారం పొద్దున్నే అలీముద్దీన్ జీపు తెచ్చి వాకిట్లో పెట్టాడు. సదయ్య మాత్రం కోడికూర తెస్తానని సంచి పట్టుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. సంచి లాగి మూలకు విసిరాను.

"కూసో. బాయిల మంటలెట్ల ఆర్పుతరో చెప్పు."

"పొద్దుగాల పొద్దుగాల గిదేం లొల్లి?"

"చెప్పుమంటున్న!"

గోడల మాట వస్తే ఆయన నోరాగదు. బొగ్గు తీసేసిన పాత జాగాల్లో మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. దానికి గాలి అందే దారులన్నీ వెతికి గోడలతో మూసేయడమే ఆయన డ్యూటీ.

"గాలందకుంటె మంట సస్తది" అన్నాడు.

"గాలి తొవ్వలు మస్తుగుంటె?"

"ఇంకేముంది, బాయంత అంటుకుంటది."

"నీ రిపోర్టుల హై అని రాసింది గవే! ఆ నాళాలు నీ బలం గాదు, గడ్డ బలం. తిండి కోసం అది తీసుకున్న తొవ్వలు. జల్ది మూసెయ్యకుంటె మల్ల రాజుకుంటదని చెప్పింది డాక్టరమ్మ."

ఏడుస్తాడనుకున్నాను. ఆయన నావైపు తిరిగాడు.

"నీకెప్పుడు చెప్పింది?"

"కాగితమిచ్చిన నాడే. దవాఖానల్నే."

"ఏడు వారాలు!" వేళ్ల మీద లెక్కపెట్టాడు. "బాయిల పొగ వాసన తగిలినోడు గంట ఆగి చెప్తె, షిఫ్టు షిఫ్టును సంపినోడైతడు. నువ్వు ఏడు వారాలు దాసిపెట్టుకున్నవ్. నేను ఊరందరికి చెప్పుకుంట నవ్వుతుంటె సూసుకుంట కూసున్నవ్!"

ఇన్నాళ్లూ మొండివాడు, మూర్ఖుడు అని ఆయన్నే తిట్టుకున్నాను. తెలిసి నోరు మూసుకున్నది నేను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

బయట హారన్ మోగింది. సదయ్య లేచి, మూలకు పడ్డ ఆ కూర సంచిలోనే రెండు చొక్కాలు, లుంగీ కుక్కాడు. పైన రిపోర్టు పెట్టాడు.

"గోడ కడితె ఆర్తదా?" అని అడిగాను. అది ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

"కొన్ని ఆర్తయి. కొన్ని లోపల్నే ఉంటయి. గోడకు పైపు పెట్టి, లోపలి గాలిల పొగ ఉన్నదా అని ఏండ్లకేండ్లు సూసుకుంట ఉండాలె." చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగాడు. "ఇంకో కాగితమొస్తె ముందుగాల నాకు చెప్తవా?"

ఒట్టేయడానికి ఆయన తల మీద చెయ్యి పెట్టాను. విసురుగా తోసేశాడు.

"ఒట్టెవనికి గావాలె? నోరు తెరిచి చెప్పు."